ఎవల మీద చూసిన్రు?

ఆర్మూరు పసుపు మార్కెట్ దగ్గర కూర్చునే ఫిజియోథెరపీ మేడంకు ఒకటే అలవాటు. ఎవరు ఏ నొప్పికి ఏ వైద్యం చెప్పినా కనుబొమలెగరేసి, "ఎవల మీద చూసిన్రు?" అనేది. అంటే, ఎవరికి చేసి చూశాక నమ్మారని.

కబడ్డీలో నా చీలమండ బెణికితే నాయనమ్మ వేడి పసుపు పట్టువేసి, వారం రోజులు మంచం దిగనివ్వలేదు. వాపు తగ్గింది గానీ కాలి మీద నమ్మకం పోయింది. పోటీలకు నెలే ఉంది. నాయనమ్మతో మేడం దగ్గరికి వెళ్తే, ఆమె పసుపంతా కడిగేసి, "ఒంటికాలి మీద నిలబడు పిల్లా" అంది.

పసుపు పండించే మా నాయనమ్మకు ఒళ్లు మండింది. "మా పసుపునే కాదంటవా? మరి గీ ఒంటికాలు నిలబడుడు ఎవల మీద చూసిన్రు?"

మేడం కుర్చీలోంచి ఎగిరి లేచింది. "గిట్ల అడగాలె అవ్వా! ఇన్నేండ్లల్ల ఒక్కలు అడగలే!" ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన కాగితాల కట్ట తెచ్చి, ఎంతమంది ఆటగాళ్లు అలా నిలబడ్డారో, ఎంతమందికి మళ్లీ బెణకలేదో చదువురాని నాయనమ్మకు వేలు పెట్టి చూపించింది. మర్నాటి నుంచి నేను ఒంటికాలి మీద పళ్లు తోముకుంటుంటే నాయనమ్మే అంకెలు లెక్కపెట్టింది.

పోటీలో చివరి కూతకు వెళ్లి ముగ్గురిని ముట్టి, ఆ కాలి మీదే దూకి గీత అందుకున్నాను. కాలు నిలిచింది! నాయనమ్మ జనంలోంచి లేచి అరిచింది: "మా పిల్ల మీద చూసిన్రు! అందరు చూసిన్రు!"

పక్కనే గంతులేస్తున్న మేడం ఆమె చెవిలో అంది: "ఒక్కదాని మీదనే గదా అవ్వా, సాలదు."