టీచరమ్మ మీద నా కుళ్లు

మల్కాపురంలో ఇంటర్ చదువుతున్న మా పాప, పొద్దస్తమానం పక్కింటి లెక్కల టీచరమ్మ దగ్గరే ఉండేది. ఐదో తరగతితో ఆగిన నాకు ఒకటే కుళ్లు. ఓరోజు చంకలో బిందెతోనే వాళ్లింట్లోకి దూసుకెళ్లాను.

“మీ అమ్మని నేనా, ఈవిడా?” అని పాప మీద అరిచాను. వీధిలోవాళ్లంతా గుమ్మంలో చేరారు.

పాప బిక్కచచ్చిపోయింది. టీచరమ్మ మాత్రం, “వదినా, దీనికి సమాకలనం లెక్క, అదే కొంచెం కొంచెంగా చేరింది మొత్తం ఎంతయిందో తేల్చేది, తెగట్లేదు. గ్రాఫులో ఆ మొత్తం గీత పైకి వంగుతాదో, కిందకో తేల్చాలి. నువ్వు సెప్పు. కుళాయి ధార అంతకంతకూ పెరిగితే డ్రమ్ములో నీళ్లు ఎలాగ పెరుగుతాయి?” అంది.

“ఏటుంది? మొదట మెల్లగా, పోనుపోను గబగబా.”

“అయితే మొత్తం నీళ్ల గీత పైకే వంగుతాది! అమ్మా, నీకెలా తెలిసిందే?” అని పాప నన్ను వాటేసుకుంది.

అందరి ముందూ సిగ్గుతో చచ్చిపోయాను. కుళ్లు పోయిందంటే అబద్ధమే. మర్నాటి నుంచి నేనూ వెళ్లి పాప పక్కనే కూర్చోవడం మొదలెట్టాను.