ఇసుక దిబ్బ మీద మా కుట్టు టీచరమ్మ

మా కుట్టు టీచరమ్మ పోయారన్న కబురు మొన్న సరుగుడు నారుమడిలో నీళ్ళు చల్లుతుండగా వచ్చింది. ముత్తుకూరు నుంచి సైకిలు మీద వచ్చిన ఆమె అన్నగారి కొడుకు, "అత్త పొద్దన్నే పోయిందక్కా. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కూర్చున్నచోటే పోయింది" అన్నాడు. నారుమడిలో ఉన్నవాళ్ళం అందరం ఏడ్చాం. కాసేపటికి మాలో ఒకామె, "గ్లాసు కడక్కుండా ఎట్టా పోతదిలే ఆమె!" అంది. ఏడుస్తూనే నవ్వేశాం. ఆమె సంగతి ఎక్కడ మొదలుపెట్టినా చివరికి నవ్వులోనే తేలతాం. అందుకే ఈ నాలుగు మాటలూ నవ్వుతూనే రాస్తున్నాను.

మా పల్లెకు సముద్రం వైపున పెద్ద ఇసుక దిబ్బ ఉంది. అప్పట్లో దాని మీద గడ్డిపోచ కూడా ఉండేది కాదు. ఎండాకాలం గాలి లేస్తే ఇసుక కదిలి వచ్చేది. పొలాల్లో పడేది, బావుల్లో పడేది, కంచంలో పడేది. ఆ దిబ్బ పక్కనే క్రైస్తవ మిషనరీల బడి. యాభై ఎనిమిదిలోనో ఆ మరుసటేడో టీచరమ్మ గూడూరు నుంచి ఒక కుట్టుమిషనుతో ఆ బడికి వచ్చారు. చదువు మానేసిన ఆడపిల్లలకు కుట్టు నేర్పడం ఆమె పని. సముద్రం మీదికి చేపల వేటకు వెళ్ళిన మా నాన్న తిరిగి రాకపోవడంతో బడి మానేసిన నేనూ ఆ పిల్లల్లో చేరాను.

కుట్టు వచ్చింది. కానీ మా పల్లెలో కొత్త రవిక కుట్టించుకునే స్తోమత ఎవరికుంది? ఒక్కొక్కరే గూడూరుకు, అభ్రకం రేకులు చీల్చే పనికి వెళ్ళిపోసాగారు. ఆ దుమ్ముకు దగ్గు పట్టి తిరిగొచ్చిన అక్కలను చూశాక నాకు గూడూరు పేరెత్తితేనే భయం. అయినా తప్పలేదు. మా అమ్మ నా బట్టలు మూట కట్టింది.

టీచరమ్మ వచ్చి ఆ మూట మీదే కూర్చున్నారు.

"ఈ ఒక్క వానాకాలం ఆగు తల్లీ. నీ బిడ్డకు ఈడనే పని చూస్తా."

"యాడ చూస్తావమ్మా, ఈ ఇసకలోనా?"

"ఆఁ, ఇసకలోనే!"

ఆమె ఉత్తమాట అనలేదు. ఇసుకను ఆపడానికి దిబ్బల మీద సరుగుడు మొక్కలు నాటాలని ఫారెస్టు వాళ్ళు అప్పుడే మా వైపు వచ్చారు. లేత మొక్కలు పెంచడానికి వాళ్ళకు తాటాకు బుట్టలు కావలసి వచ్చాయి. టీచరమ్మ మా చేతుల్లోంచి కత్తెర తీసేసి తాటాకు పెట్టారు. "గుడ్డయితే ఏంది, ఆకయితే ఏంది? అడుగు గట్టిగా ఉండాల, అంతే" అనేవారు. బుట్టలు అప్పజెప్పడానికి వెళ్ళి, వాటిలో మొక్కలు పెంచే పని కూడా అడిగి తెచ్చారు. నారు పోయడం, వేరు తెగకుండా బుట్టలోకి మార్చడం ఫారెస్టరు నేర్పితే, ఆమె మాతోపాటు మట్టిలో చతికిలబడి నేర్చుకున్నారు. మెడలో కుట్టు టేపు మాత్రం తీసేవారు కాదు. ఎదిగిన మొక్కను దానితో కొలిచి, "చూడండే, పోయిన నెల కుట్టిన రవిక దీనికి పట్టదింక!" అని మురిసిపోయేవారు.

కూలి దొరికింది. కానీ పనుంటేనే కూలి. ఏడాది పొడుగునా ఉండే నారుమడి మేస్త్రీ పని మగవాళ్ళకే ఇచ్చేవారు. ఒకరోజు ఫారెస్టు రేంజరు గారు వచ్చినప్పుడు టీచరమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఆయన ముందు నిలబెట్టారు.

"ఈ పిల్లను మేస్త్రీగా పెట్టుకోండి సార్."

"ఆడపిల్లలను పెట్టే అలవాటు లేదమ్మా."

"రూలు లేదా, అలవాటు లేదా?"

ఆయన తటపటాయించి, "అలవాటే" అన్నారు.

"అయితే చేసుకోండి. కొత్త రవిక మొదట్లో బిగుతుగానే ఉంటది. తొడగంగా తొడగంగా సరిపోద్ది."

రేంజరు గారు పకపకా నవ్వారు. తర్వాత బడి పక్కనున్న దిబ్బను చూపించి, "దాని మీద మా వాళ్ళు నాటినవి నిలవలేదు. మీ పిల్లలు నాటి, ఎండాకాలం దాటించనీ. చూద్దాం" అన్నారు.

వానల్లో నాటాం. వానలు వెళ్ళాక, ఇసుకలో తవ్విన దొరువుల నుంచి కడవలతో నీళ్ళు మోశాం. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం గాలి లేచింది. కళ్ళు తెరవలేకపోయాం. అది తగ్గాక వెళ్ళి చూస్తే దిబ్బ నున్నగా ఉంది, ఒక్క మొక్క కనిపించడం లేదు. గూడూరు పంపడానికి అమ్మ కట్టిన మూట ఇంట్లో ఇంకా అలాగే ఉన్నట్టు అనిపించింది నాకు.

టీచరమ్మ చెప్పులు చేత పట్టుకుని రొప్పుతూ దిబ్బెక్కారు. "ఏందిమే, ఏడస్తా నిలబడినారు? చచ్చినాయా, మునిగినాయా? ముందు అది చూడండి" అంటూ మోకాళ్ళ మీద కూలబడి చేత్తో ఇసుక తోడసాగారు. మేమూ తోడాం. కాసేపటికి ఆమె వేళ్ళ మధ్య పచ్చటి కొస ఒకటి బయటపడింది. "ఇదుగోమే! ఊపిరి పీలస్తా ఉండాది!" అని ఆమె పెట్టిన కేకకు పల్లె కదిలి వచ్చింది. మగవాళ్ళు తాటిమట్టలు నరికి తెచ్చి గాలికి అడ్డంగా దడి కట్టారు. చచ్చినవాటి చోట కొత్తవి నాటాం. ఆ ఎండాకాలం దాటింది.

రేంజరు గారు వచ్చి దిబ్బ మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచారు. కిందికి దిగి, నన్ను కాకుండా టీచరమ్మను చూసి, "రవిక సరిపోయిందమ్మా" అన్నారు. అలా నేను మేస్త్రీనయ్యాను. నా తర్వాత ఇంకొకామె తోట కావలికి కుదిరింది. మరొకామె మనుబోలు దగ్గర సొంతంగా నారుమడి పెట్టుకుంది. ఆ తర్వాత మా పల్లె నుంచి అభ్రకం పనికి ఆడపిల్లలు వెళ్ళడం తగ్గిపోయింది.

పని మానుకుని ముత్తుకూరులో అన్నగారింట ఉంటున్న టీచరమ్మ కిందటి చలికాలంలో మమ్మల్ని చూడ్డానికి వచ్చారు. బడి వరండాలో నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూశారు.

"ఏమే, సముద్రాన్ని యాడ దాచినారే?"

చెట్లు అంతగా పెరిగాయి మరి. "మీరు దాచిందే గదా టీచరమ్మా!" అన్నాం. సముద్రం చూసే పోతానని పట్టుబట్టారు. మోకాళ్ళ నొప్పులతో, మా భుజాలు పట్టుకుని, సరుగుడు నీడలోంచి ఆగి ఆగి నడిచారు. ఒడ్డుకు చేరగానే మా భుజాలు వదిలేసి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని నేరుగా నీళ్ళలోకి దిగారు. అల వచ్చి మోకాళ్ళ దాకా తడిపేసింది. "అమ్మో! చల్లగా ఉండాదే!" అని చిన్నపిల్లలా కేక పెట్టారు. ఇంకో అల లేస్తోంది, వెనక్కి రండని మేమంతా అరుస్తున్నాం. ఆమె నవ్వుతూ దానికి ఎదురుగా మరో అడుగు వేశారు.