టీ నేను తెస్తా

మా టీచరమ్మ పోయారని ఫోనొచ్చినప్పుడు నేను తేంగాయితిట్టు రేవులోని నా షెడ్డులో పడవ ఇంజను విప్పుతున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది, ముందొచ్చింది కోపమే. అది ఇంకా దిగలేదు.

నేను ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో ఉండగా, పని నేర్చుకోమని వారంలో రెండు రోజులు మమ్మల్ని బడి నుంచి షెడ్లకు పంపేవారు. పంపి మరిచిపోయేవారు. స్టాఫ్‌రూంలో మా పేరు ‘స్పానర్ బ్యాచ్’. టీచరమ్మ ఒక్కరే లాస్‌పేట నుంచి మిట్టమధ్యాహ్నం స్కూటీ మీద వచ్చి, నూనె పీపా మీద కూర్చుని, మాకు తప్పిపోయిన పాఠం చెప్పేవారు. దానికి ముందు ఒకటే ప్రశ్న.

“ఏందిమే, ఈ పొద్దు ఏం విప్పితివి?”

మొదట్లో నేను విప్పింది బన్ను పొట్లాలే. “టీ తెచ్చినా టీచరమ్మా” అన్నాను తల దించుకుని. ఆమె నా చేతిలోని ఫ్లాస్కు లాక్కుని ముదలాళి ముందు నిలబడ్డారు. ముదలాళి అంటే షెడ్డు యజమాని, ఆయనా మా తెలుగువాడే. అయితే ఏం, ఊరుకుంటారా!

“యాడుంది అన్నా నీ టీ కొట్టు? ఇకమీదట టీ నేను తెస్తా. నువ్వు బిడ్డకు ఇంజను చూపించు. నేర్పకుండా చేయించుకుంటే దాన్ని వెట్టి అంటారు.”

నిజంగానే తెచ్చారు. రెండోసారి కూడా ఆమే ఫ్లాస్కుతో వచ్చేసరికి ముదలాళి సిగ్గుపడి నా చేతికి స్పానరిచ్చాడు. ఇవాళ నేను తింటున్న అన్నం అదే.

నిన్న బడిలో సంతాప సభ. ‘ఊరు తిరిగే టీచరు’ అని ఆమెను ఎగతాళి చేసిన నోళ్లే మైకు ముందు త్యాగమూర్తి అన్నాయి. ఇకమీదట షెడ్లకు ఎవరు వెళ్తారని హెడ్మాస్టరును అడిగాను. “చూద్దాంలేమ్మా” అన్నాడు. చూద్దామంట! ఆమె బతికుండగా ఒక్కనాడైనా చూశాడా?

అంతలో టీ ట్రే వచ్చింది. తెచ్చింది ఒక ప్లస్ వన్ పిల్ల. గోళ్ల సందుల్లో గ్రీజు.

“ఈ పొద్దు నీకు షెడ్డు లేదా పాపా?”

“ఉందక్కా. టీ ఇచ్చేదానికి మనుషులు లేరని హెడ్మాస్టరు సారు పిలిపించినారు.”

ఒళ్లు మండిపోయింది. ఆమె ఫోటో ముందే, దండైనా వాడకముందే! ట్రే లాక్కున్నాను.

“నువ్వు షెడ్డుకు పో. సాయంత్రం నేనొస్తా. ఏం విప్పితివో చెప్పాల.”

ఆ పిల్ల సైకిలు గేటు దాటేదాకా చూసి, ట్రే తీసుకెళ్లి హెడ్మాస్టరు ముందు నిలబడ్డాను.

“టీ తీసుకోండి సార్.”

ఆయన తలెత్తలేదు. టీ మీద తెట్టె కడుతోంది. నేను మాత్రం ట్రే దించలేదు.