తునికిగూడెం గేటు

మా యోనా చిన్నాన్న తునికిగూడెం ఫారెస్టు గేటు దగ్గర వాచర్. టెంపరరీ. ఇవాళో రేపో పర్మనెంటు చేస్తారని ఖాకీ చొక్కా మోచేతులు చిరిగేదాకా అక్కడే కూర్చున్నాడు. గేటంటే ఒక చివర బండరాయి కట్టిన పొడుగాటి దుంగ, అంతే.

ఎనభైల్లో చర్ల వైపు కొత్త తారురోడ్డు వేశారు. అది గేటును ముట్టుకోకుండా మిరపచేను అవతలి నుంచి పోయింది. రోడ్డు వేసినవాళ్ళు ఒక డిపార్టుమెంటు, గేటు పెట్టినవాళ్ళు ఇంకొకటి. ఒకళ్ళనొకళ్ళు అడగడం వాళ్ళకు నామోషీ. దొంగ టేకు లారీలు కొత్త రోడ్డెక్కాయి. పాత బాటకు కట్టెలమోపుల ఆడవాళ్ళు, మేకలు మిగిలారు. చిన్నాన్న మేకలకు కూడా గేటు దించి, ఎత్తేవాడు.

"అవి కిందికెల్లి పోతయ్ గదా, నీకెందుకు లేపుడు?" అనేది సంపూర్ణ చిన్నమ్మ.

"రూలు," అనేవాడు.

ఒక ఏడు పర్మనెంటు సంగతి తేల్చడానికి పెద్దాఫీసరు జీపులో వచ్చి, కొత్త రోడ్డు మీదుగా దూసుకుపోయాడు. చిన్నాన్న మిరపచేనుకు అడ్డంపడి, చేతులూపుతూ పరిగెత్తినా ఆగలేదు. మర్నాడు గార్డు దూలయ్య కబురు తెచ్చాడు.

"గేటే కనబడలేదంట. గేటు లేనప్పుడు వాచరేందంటుండు. మళ్ళొస్తడట. అప్పుడు గూడ కనబడకపోతే నిన్ను తీసేస్తరు యోనా."

చిన్నాన్నకు తిక్క రేగింది. ఊళ్ళో బద్యా అనే అతని ఎడ్లబండి మీద గేటును తెచ్చి కొత్త రోడ్డుకు అడ్డంగా పాతాడు. మధ్యాహ్నానికే వరిగడ్డి లారీ ఒకటి వచ్చి ఆగింది. గడ్డి కింద టేకు!

"ఈడ గేటెప్పుడొచ్చింది?" అని డ్రైవరు బిత్తరపోయాడు.

కబురందుకుని రేంజరు రొప్పుకుంటూ వచ్చాడు. లారీని చూశాడు, గేటును చూశాడు. గేటును చూసి మండిపడ్డాడు.

"సర్కారు గేటు జరపమని నీకెవడు చెప్పిండు?"

"సార్, ఆ టేకు గూడ సర్కారుదే..."

"టేకు సంగతి నేను జూస్తా. జల్దీ గేటు తీస్కపో!"

అప్పటికే బద్యా బండి వెళ్ళిపోయింది. చివరికి గేటును ఆ లారీ మీదే, టేకు పైన పడేసి పాత బాటకు చేర్చారు. డ్రైవరు బీడీ ఇచ్చి మరీ దింపాడు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే ఒళ్ళు మండుతుంది.

ఈసారి ఆఫీసరును రేంజరే దగ్గరుండి పాత బాటలో తెచ్చాడు. చిన్నాన్న గేటు దించాడు, సెల్యూట్ కొట్టాడు, ఎత్తాడు. ఆఫీసరు మురిసిపోయాడు.

"ఇన్నేళ్ళుగా ఈ గేటులోంచి ఒక్క టేకు దుంగ కూడా పోలేదట! ఇలాంటి మనిషినా టెంపరరీగా ఉంచేది?"

అట్లా పర్మనెంటయింది. ఆ సాయంత్రం చిన్నమ్మ కోడి కోసింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే మిరపచేను అవతల లారీ చప్పుడు. చిన్నాన్న చెయ్యి ఆగిపోయింది.

"నేనొక్కన్నే గాదే సంపూర్ణా, వాళ్ళు గూడ పర్మనెంటయిన్రు," అన్నాడు.

చిన్నమ్మ ఇంకో ముక్క వెయ్యబోతే వద్దన్నాడు.