యాడ్స్ మధ్య ఆమెన్

దేవుడు ఒక్కరోజు సెలవు పెడితే ఈ లోకాన్ని నడపగల మనిషి షామీర్‌పేట మండలం మొత్తం మీద ఒక్కతే ఉంది. ఆమె మా అవ్వ వజ్రమ్మ. వాన ఎప్పుడు పడాలో, ఎవరి కోడలు ఎవరి మాట వినాలో, మేడ్చల్ బస్సు ఎన్నింటికి రావాలో అన్నీ ఆమెకు తెలుసు. కాకపోతే ఒక్క షరతు. సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిది దాకా లోకం తన సంగతి తానే చూసుకోవాలి. ఆ అరగంట అవ్వ సీరియల్ చూస్తుంది.

అవ్వది అలియాబాద్‌లో రెండు గదుల ఇల్లు. పొద్దంతా షామీర్‌పేట చెరువు దగ్గర మక్కకంకులు కాల్చి అమ్ముతుంది. ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటే, "ఉప్పు సరిగ్గనే ఉంది, నీ నాలుకే మొద్దువడ్డది" అంటుంది. ఆ చెరువులోనే ఇరవై రెండేళ్ల కింద బాప్తిస్మం తీసుకుంది. అప్పటినుంచి బొమ్మ అంటే పడదు. ఒకసారి ఒక పిల్లవాడు సినిమా హీరో బొమ్మ ఉన్న చొక్కాతో చర్చికి వస్తే మెట్ల మీదనే ఆపింది. "ఎవడు వీడు? నిన్ను పుట్టించిండా, నీకోసం సచ్చిండా?" అని అడిగింది. పాపం, వాడు చొక్కా తిరగేసి తొడుక్కుని లోపలికి పోయాడు.

అంత మనిషి, టీవీకి మాత్రం తన చేత్తో అల్లిన తెల్ల లేసు గుడ్డ కప్పింది. పొద్దున లేవగానే దాని మీది దుమ్ము దులిపేది. పక్కన కిటికీలో ఉన్న బైబిల్‌ను ఈ కథ రాస్తున్న మనవరాలు దులిపేది, అదీ గుర్తుంటే.

ఆ సీరియల్ ఆరేళ్లు నడిచింది. అందులో పెద్దకోడలి మీద దొంగతనం నింద పడింది. అది ఎప్పుడు తొలగిపోతుందా అని అవ్వ ఆరేళ్లు కాచుకుని కూర్చుంది. తాత సిద్దయ్య పోయినప్పుడు నెలరోజులు టీవీ పెట్టలేదు. నెల తిరిగాక ఆమె అడిగిన మొదటి మాట, "ఆ పిల్ల సంగతి ఏమాయెనే?"

మొన్న ఆగస్టులో, ఒక గురువారం, దాని ఆఖరి భాగం. ఆ రోజు సన్నగా జల్లు పడుతోంది, చెరువు దగ్గర కార్లు బారులు తీరాయి. కంకులు అమ్ముకునేవాళ్లకు అంతకంటే మంచిరోజు ఉండదు. అవ్వ నాలుగున్నరకే కాలుతున్న బొగ్గుల మీద చెంబెడు నీళ్లు గుమ్మరించి ఇంటికి వచ్చేసింది. ఏడు ఇరవైకి లేసు గుడ్డ తీసి మడతపెట్టింది. తల దువ్వుకుని టీవీ ముందు కూర్చుంది.

ఏడు నలభైకి వెనక ఇంటి శివమ్మ తడిసిన చీరతో లోపలికి వచ్చింది. చర్చిలో అవ్వ పక్కన చాప మీద కూర్చునే మనిషి.

"అక్కా, నా బిడ్డ రోజారాణిని సుచిత్ర చౌరస్తా కాడ దవాఖానల జేర్చిన్రు. ఎనిమిదో నెల గద. పొద్దటి సంది కడుపుల బిడ్డ కదుల్తలేదంట. నేను పోతున్న. జర ప్రార్థన జెయ్యక్కా, నాకు నోట్లకెళ్లి మాట వస్తలేదు."

"కూసో. గీ సీన్ అయిపోనీ."

"ఆటో నిలవడ్డదక్కా."

"కూసోమన్న గద. యాడ్స్ రానీ."

శివమ్మ తలుపు పక్కనే నేల మీద కూర్చుంది. సబ్బు యాడ్ వచ్చింది. అవ్వ కొంగు తలమీదికి లాక్కుని, శివమ్మ తల మీద చెయ్యి పెట్టి మొదలుపెట్టింది. ప్రార్థన చేయడంలో అవ్వకు సాటి లేరు, గోడలు కూడా కళ్లు మూసుకుంటాయి. "తండ్రీ, తల్లి గర్భంలో మమ్మును రూపించినవాడా, నీ కుమార్తె రోజారాణిని" అనేదాకా వచ్చింది. అప్పుడే సీరియల్ సంగీతం మోగింది. చెయ్యి లేచింది. "ఆమెన్."

శివమ్మ ఇంకా కళ్లు మూసుకునే "స్తోత్రం, స్తోత్రం" అంటోంది. కాసేపటికి కళ్లు తెరిచి అవ్వను చూసింది, టీవీని చూసింది. తడి కొంగు కప్పుకుని లేచి వెళ్లింది. గేటు చప్పుడు అవ్వకు వినబడలేదు.

ఎనిమిది కావొస్తుండగా టీవీలో అత్తగారికి ఒక ఉత్తరం అందింది. దొంగ ఎవరో అందులో ఉంది. ఆమె ఉత్తరం విప్పుతుండగానే ఇంటిల్లిపాది వరసగా నిలబడి ఫోటో దిగారు. ఇన్నేళ్లు ఆదరించినందుకు ప్రేక్షకులకు ధన్యవాదాలని అక్షరాలు పడ్డాయి. నింద అలాగే ఉండిపోయింది.

"అయిపాయెనా?" అంది అవ్వ. "గట్లెట్ల అయిపోతది?"

"అయిపోయిందవ్వా. రేపటి నుంచి కొత్తదంట," అంది పక్కనే ఉన్న మనవరాలు.

"ఆరేండ్లు కూసున్ననే నేను. ఆ ఉత్తరం సదవకుండనే ఫోటో దిగుతరా, సిగ్గు లేనోళ్లు. వాండ్ల చేతులు పడిపోను."

"ఆ పిల్ల నటి, అవ్వా. ఇప్పటికే ఇంకో సీరియల్ల పెండ్లి జేసుకుంటాంది."

రిమోట్ గాల్లోకి లేచింది. మనవరాలు తల వంచింది కాబట్టి గోడకు తగిలింది. అన్నం పెడితే కంచం తోసేసింది. గోడవైపు తిరిగి పడుకుని ఆ చానెల్ వాళ్ల ఏడు తరాలను పేరుపేరునా తిట్టింది. పొద్దున చాయ్ ఇస్తే, "నీ చాయ్ బాయిల వొయ్యి" అంది. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఆ రోజు శుక్రవారం. మేడ్చల్ రోడ్డు మీద రేకుల షెడ్డులో ఉండే మా చర్చిలో, ప్రతి శుక్రవారం పదిన్నర నుంచి రెండింటి దాకా ఉపవాస ప్రార్థన జరుగుతుంది. అవ్వ ఏ వారమూ తప్పదు. కానీ పన్నెండు కొట్టగానే తలనొప్పని బయటికి పోతుంది, వచ్చేటప్పుడు గడ్డం మీద రస్కు పొడి ఉంటుంది. ఇది ఒక్క మనవరాలికే తెలుసు.

ఎండిన పెదవులతో, ఎర్రబడ్డ కళ్లతో ఉన్న అవ్వను చూసి పాస్టర్ బాలేష్ అయ్యగారు మనవరాలిని అడిగారు. "అవ్వకు ఏమైందమ్మా?"

"నిన్న రాత్రి నుంచి ఏమీ తినలేదయ్యా. నీళ్లు కూడా." అంతవరకే చెప్పి ఊరుకుంది. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు.

అయ్యగారు అందరి ముందూ నిలబడి, "సోదరి వజ్రమ్మను చూడండి," అన్నారు. "పన్నెండు దాటింది, ఆమె కదల్లేదు. నిన్న రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. దేవుని కొరకు ఆకలిగొనడం అంటే ఇది. అమ్మా, లేచి సాక్ష్యం చెప్పండి."

ఆడవాళ్లంతా స్తోత్రం అన్నారు. చివరి వరసలో ఒక్క శివమ్మ అనలేదు. దవాఖాన నుంచి నేరుగా వచ్చినట్టుంది, నిన్నటి చీరలోనే ఉంది. అవ్వ లేచి, వెనక్కి తిరిగి ఆమెను చూసింది.

తప్పించుకోవడం చాలా సులువు. ఒక్క స్తోత్రం చెప్పి కూర్చుంటే ఆ పొగడ్త ఆమెదే. ఎందుకు తినలేదో తెలిసింది మనవరాలికి, నిన్నటి సగం ప్రార్థన సంగతి తెలిసింది శివమ్మకు. ఇద్దరూ నోరు విప్పరు.

"అయ్యగారూ, జర ఆగుండ్రి," అంది అవ్వ. "ఇది దేవుని ఉపవాసం గాదు. సీరియల్ ఉపవాసం. నిన్న అది మంచిగ అయిపోలేదని నా కడుపు మండింది, అందుకు తినలే. ఇరవై రెండేండ్ల సంది శుక్రవారం ఉంటున్న. పన్నెండు గొట్టంగనే తల నొస్తది, షెడ్డు ఎనుకకు వొయ్యి రస్కులు తింట. నిన్నటి సంది తినకపోతె నాకు తలనొప్పి లేదు, ఏం లేదు. దేవుని కొరకు నొచ్చే తల దానికొరకు ఎందుకు నొస్తలేదు? మీరే చెప్పుండ్రి."

అవ్వ శివమ్మ వైపు రెండడుగులు వేసింది.

"గా పిలగాని అంగి మీది బొమ్మను పట్టుకొని మెట్ల మీద నిలవెట్టిన. నా బొమ్మకు నేనే లేసు గుడ్డ అల్లిన. శివమ్మా, నీ తల మీద చెయ్యి వెట్టి, యాడ్స్ అయిపోంగనే ఆమెన్ అన్న. నీ బిడ్డ పేరును సగంల ఇడిసిన."

శివమ్మ కూర్చున్నచోటు నుంచే అంది. "నువ్వు ఇడిస్తె ఆయన ఇడుస్తడా అక్కా? తెల్లారంగ కడుపుల బిడ్డ కదిలింది. ఇంక మూడు దినాలు ఉంచుతమన్నరు. నువ్వు నడుమల లేకుంటె ఆయనకు పని జల్దీ అయినట్టుంది."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. అవ్వ నవ్వలేదు. కొంగు నడుముకు చెక్కింది.

"నన్ను ఎన్నన్న అను, పడత. లే, నడువు. సగం మిగిలింది, ఆడ జేస్త."

ప్రార్థన మధ్యలోనే ఇద్దరూ బస్సెక్కిపోయారు. మూడు రోజులు అవ్వ సుచిత్ర దవాఖానలోనే ఉంది. ఆ వార్డులోనూ గోడకు టీవీ ఉంది, ఏడున్నరకు కొత్త సీరియల్ వస్తుంది. అవ్వ దానికి వీపు పెట్టి రోజారాణి కాళ్లు పిసుకుతూ కూర్చుందట. తల మాత్రం రెండుసార్లు అటు తిరిగిందని శివమ్మ సాక్ష్యం.

ఇంటికి వచ్చాక అవ్వకు ఇదంతా మొదటి నుంచి చదివి వినిపిస్తే, గోడవైపు చూస్తూ చివరిదాకా విన్నది. తర్వాత అంది.

"గా మొదటి మాట కొట్టెయ్యి. శివమ్మ కొరకు అయిదు నిమిషాలు టీవీ బంజెయ్యనిదాన్ని, లోకమెట్ల నడుపుతనే?"