వడ్రంగిపిట్ట తొలిచిన కంబం

నా చిన్నప్పుడు జమ్మలమడుగు పక్కన మా పల్లెకు కొత్తగా కరెంటు వచ్చింది. అప్పుడు సిమెంటు కంబాలు కావు, కొయ్యవే. మా ఇంటికి తీగ వచ్చే కంబం గడ్డివామి పక్కనే ఉండేది. వామి ఎక్కితే దాని నడిమి భాగం నా చేతికి అందేది.

ఆ ఎండాకాలం ఒక వడ్రంగిపిట్ట కంబాన్ని పట్టుకుంది. పొద్దున లేస్తే టకటకమని అదే పని. నా పిడికిలి దూరేంత బొక్క చేసి, గూడు పెట్టకుండానే ఎటో పోయింది. "కరెంటోళ్లు చూసినారంటే కంబం పీక్కోని పోతారు, మళ్లా మీకు బుడ్డి దీపమే" అని పక్కింటి అక్క నవ్వింది. ఆమె ఎగతాళికి అన్నదని నాకేం తెలుసు? మా జేజికి, అదే మా నాయనమ్మకు, చూపు తక్కువ. బల్బు వచ్చినాకే రాత్రిపూట కంచంలో ఏముందో చూసుకొని తింటోంది. అందుకని ఎవరూ లేనప్పుడు వామి ఎక్కి, గోడలకు మెత్తే మట్టితోనే ఆ బొక్క పూడ్చాను. పైన మసి రుద్దాను. నేను పూసింది నాకే కనబడలేదు.

వానలు పడినాక ఒకరోజు గాలికి తీగ తెగింది. లైనుమేను వచ్చాడు. సాయిబుల ఆయన, ఊరంతా మామా అనే పిలిచేవాళ్లం. కంబం మొదట్లో సుత్తితో తట్టి చూశాడు. గట్టిగానే పలికింది. నడుముకు తాడు కట్టుకొని ఎక్కసాగాడు. చెబితే మా నాయన చర్మం ఒలుస్తాడు. చెప్పకపోతే, కంబం ఆ బొక్క దగ్గర విరిగితే? ఆయన కాళ్లు నా తలకన్నా పైకి పోయేసరికి ఇక తట్టుకోలేకపోయాను.

"మామా, దిగు! పైన బొక్కుండాది. నేనే మట్టి పూసినా!"

ఆయన దిగి, వామి ఎక్కి, నేను చూపించిన చోట ఇనుప చువ్వతో పొడిచాడు. మట్టిపెళ్ల ఊడిపడింది. ఆయన చెయ్యి పెడితే మోచేతి దాకా లోపల కిందికి దిగిపోయింది. వాననీళ్లకు నానిన కొయ్య పిడికెడు పిడికెడుగా బయటికొచ్చింది. ఆయన ఆ వామి మీదనే కూలబడ్డాడు.

కింద నిలబడి అంతా చూసిన మా నాయన నా మీదికి చెయ్యెత్తాడు. మామ గబగబా దిగి మధ్యలో నిలబడ్డాడు. "కొట్టొద్దప్పా. ఈపొద్దు కొడితే ఇంగోసారి నోరు తెరుస్తాదా? నా ఇంట్లో ముగ్గురు పిల్లోళ్లుండారు. వాళ్లకు నాయన మిగిలినాడు."

తర్వాత నా వైపు తిరిగి, "శానా బాగా పూసినావు పాపా, మా ఇంటి గోడలకు నిన్నే పిలుస్తా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన కూడా నవ్వలేదు. నెమ్మదిగా అన్నాడు: "పిట్ట చేసిన బొక్క కండ్లకు కనపడతాది. దాన్ని కనపడకుండా చేసింది నువ్వు."

కొత్త కంబం వచ్చేదాకా జేజి బుడ్డి దీపం ముందరే తిన్నది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

ఇప్పుడు నా ఇంట్లో మునిమనవలు తిరుగుతున్నారు. ఏ బిడ్డ అయినా తప్పు చేసి, వణుకుతూ నా దగ్గరికి వచ్చి చెబితే ముందు పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఒక్కోసారి కోపంతో చెయ్యి లేస్తుంది. లేచినప్పుడల్లా ఆ మనిషి మా నాయన ముందు నిలబడినట్టే నా ముందూ నిలబడతాడు. చెయ్యి దించుకుంటాను.