దడకు వేసిన పీట

నా పెద్ద కూతురు పోయి నెల దాటింది. డిగ్నాబాద్‌లో మా వీధంతా తనను టీచర్ దీదీ అనేవారు. కామెర్లు ముదిరి, ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు తెల్లవారుతుండగా పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా తను ఎంత మంచిదో చెప్పి వెళ్లారు. నేను తనకేం చేశానో వాళ్లకు తెలియదు. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. ఈ అక్షరాలు కూడా తను దిద్దించినవే.

మావాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకోసం, బయటంతా హిందీయే నడిచే ఈ దీవులకు వచ్చినవాళ్లు. మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పడవ నీటి మీద ఉన్నంతసేపూ ఆడవాళ్లు భయమన్న మాట ఎత్తకూడదు. మా అత్త నాకు చెప్పింది, నేను నా కూతురికి చెప్పాను. తనకు ఎనిమిదేళ్లప్పుడు ఒక గాలివాన రోజు వాళ్ల నాన్న పడవ రాలేదు.

“అమ్మా, భయమేస్తంది. గుండె దడదడలాడతంది.”

నోటి మీద ఒక్కటి వేశాను. “నోర్ముయ్యే! అయ్య నీటి మీదున్నాడు.”

పడవ వచ్చింది. తన దడ మాత్రం పోలేదు. అది వచ్చినప్పుడల్లా మాట్లాడకుండా వంటింటి గోడకు ఆనుకుని నిలబడేది.

టీచరయ్యాక మిడిల్ పాయింట్ బజారులో ఒక పుస్తకం కొనుక్కొచ్చింది. ఊపిరి లెక్కపెట్టమని, ధైర్యం మాటలు పదేపదే రాయమని అందులో ఉందట. ఏడాదిపాటు అన్నీ చేసింది. నేను వెనకాలే తిరిగేదాన్ని. “పొద్దున్న సేసావా? సరిగ్గా లెక్కెట్టావా?” మళ్లీ దడ వచ్చిందంటే, తను సరిగ్గా చేయలేదనే అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం చేపలు తోముతోంది. చేతులు వణుకుతున్నాయి. పక్కనున్న చిన్న పీటను కాలితో జరిపి, “ఆ గయీ? బైఠ్” అంది. వచ్చావా, కూర్చో అని. చూస్తే ఎవరూ లేరు.

“ఎవుల్తోనే?”

“దడతోనమ్మా. తరిమినకొద్దీ తలుపు బాదతంది. కూకోనీ. నా పని నేను సేసుకుంతాను.”

“బాగుందే సంబడం! దానికి చాయ్ కూడా పెట్టమంతావేటి?”

“పెట్టు. చీనీ తక్కువెయ్యి, రుచి మరిగితే ఎల్లదు.”

తనే నవ్వింది. వణుకుతున్న చేతులతోనే చేపలన్నీ తోమేసింది.

ఆ తర్వాత ఫెర్రీ ఎక్కి పక్క దీవికి ఒక్కతే వెళ్లొచ్చింది. “దడ పోయిందా?” అని అడిగాను. “నాతోపాటే వచ్చింది, టికెట్ లేకండా” అంది. నాకు నవ్వు రాలేదు. బిడ్డ చేతులెత్తేసిందనుకున్నాను. తను బడిలో ఉండగా ఆ పీట తీసి అటక మీద పడేశాను. తను అడగలేదు.

ఆసుపత్రిలో రెండో రోజు తగ్గుతుందనే అనుకున్నాం. వాళ్ల నాన్న వేటకు వెళ్లాడు. మధ్యాహ్నం తను నన్ను చూసి, “అమ్మా, డర్ లగ్ రహా హై” అంది. భయమేస్తందని తెలుగులో అంటే నేను కసురుతానని కాబోలు, హిందీలో అంది.

నేను ఊరుకోలేదు. “ఏ భాషలోనూ అనకు. అయ్య నీటి మీదున్నాడు.”

తను కాస్త పక్కకు జరిగి, మంచం అంచు మీద అరచేత్తో మెల్లగా తట్టింది. ఆ చోటు దడకిచ్చిందో నాకిచ్చిందో తెలియదు. నేను కూర్చోలేదు. నీళ్లు తెస్తానని చెంబు పట్టుకుని బయటకు వచ్చేశాను.

ఇప్పుడు దడ నాకు వస్తోంది. తన పుస్తకం తీసి ఊపిరి లెక్కపెట్టి చూశాను. పోదు. నిన్న సాయంత్రం పడవ ఆలస్యమైంది. అటక మీది పీట దించి తుడిచాను. ముప్పై ఏళ్ల కాపురంలో మొదటిసారి, ఆయన నీటి మీద ఉండగా, “నాకు భయమేస్తంది” అని పైకే అన్నాను.

పీట కాలికి ఎండిన చేప పొలుసు ఒకటి అంటుకుని ఉంది. దాన్ని గీకలేదు. పీట గుమ్మం దగ్గర వేసి, నేను పక్కన నేల మీద కూర్చున్నాను.